రాత్రి ఫొటోల్లో చుక్కల బెడద

ప్రశ్న: జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా వాడుతున్నాను. పగటి ఫొటోలు బాగానే వస్తాయి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లి, చీకటి పడే వేళ తీసిన ప్రభల (భుజాల మీద మోసుకొచ్చే అలంకరించిన కట్టడాల) ఫొటోల నిండా ఎర్రటి, నీలి చుక్కలే. ఐఎస్ఓ (అందిన వెలుగును కెమెరా ఎంత పెంచాలో చెప్పే అంకె) తగ్గిస్తే చుక్కలు తగ్గాయి గానీ ఫొటోలు కదిలిపోయాయి. కెమెరా మార్చాలా?
– అంబాజీపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: అప్పుడే మార్చకండి. అందరూ ఐఎస్ఓని తిడతారు గానీ, అసలు లోపం వెలుతురు చాలకపోవడమే. అందిన కాస్త వెలుగునే కెమెరా పెంచి చూపిస్తుంది. దాంతోపాటే అందులోని హెచ్చుతగ్గులూ పెరిగి చుక్కలవుతాయి. చిన్న కెమెరాల్లో ఎక్కువగా ఉండే 1/2.3 అంగుళాల రకం సెన్సర్ (వెలుగును పట్టి ఫొటోగా మార్చే పలక) సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లే. దానికి ఎంత వెలుగు అందిస్తే అంత మేలు.

ముందు జూమ్ మానండి. లెన్స్ చుట్టూ 3.2-6.9 లాంటి అంకెలు రాసి ఉంటాయి, చూడండి. మొదటిది జూమ్ చేయనప్పటి ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది), రెండోది పూర్తి జూమ్‌లో ఉండేది. ఈ రెంటి మధ్య వెలుతురు నాలుగున్నర రెట్లకు పైగా పడిపోతుంది. అంటే ఐఎస్ఓ 400తో సరిపోయే ఫొటోకి జూమ్‌లో 1800 దాకా కావాలి. జనాన్ని తప్పించుకుని పది అడుగులు ముందుకెళ్లడమే నయం.

ప్రభ దించి ఉంటే పని సులువు. కెమెరాను ప్రహరీ మీదో, కిలో బియ్యం పోసిన గుడ్డసంచి మీదో ఆనించండి. ఐఎస్ఓ 100, సెల్ఫ్ టైమర్ 2 సెకన్లు పెట్టండి. 1600 దగ్గర 1/15 సెకనులో వచ్చే వెలుతురే ఇక్కడ ఒక సెకనులో వస్తుంది, చుక్కలు మాత్రం బాగా తగ్గుతాయి. కెమెరా కదలనప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపేయడం మంచిది. కొబ్బరాకులు గాలికి ఊగి మసకబారతాయి, అదొక్కటీ భరించాలి.

భుజాల మీద కదిలే ప్రభకు ఈ ఉపాయం పనికిరాదు. షట్టర్ వేగం కనీసం 1/125 సెకను ఉండాలి, ఐఎస్ఓ 800 నుంచి 1600 దాకా పోనివ్వండి. ఇక్కడ కొన్ని చుక్కలకు ఒప్పుకోవాల్సిందే. కదిలిన ఫొటోను సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయడం కష్టం, చుక్కల ఫొటోను కొంత చేయొచ్చు. మనుషులు నిలబడి ఉంటే 1/50 చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎల్‌ఈడీ సీరియల్ బల్బుల కింద 1/50, 1/100 వేగాల్లో అడ్డచారలు పడే అవకాశం తక్కువ. మూడు నాలుగు మీటర్లలోపు ఉన్నవారికి స్లో సింక్ ఫ్లాష్ (ఫ్లాష్ వెలిగినా షట్టర్‌ను కాసేపు తెరిచే ఉంచే పద్ధతి) వాడితే ముఖాలూ వెనక దీపాలూ రెండూ దక్కుతాయి. దూరంగా ఉన్న ప్రభకు ఫ్లాష్ దండగ.

ఇంకో పొరపాటు బల్బుల వల్ల జరుగుతుంది. అవి చూసి కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ మోసపోయి ఫొటోను చీకటి చేస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే నీడల్లోని చుక్కలన్నీ బయటపడతాయి. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే సెట్టింగు) +0.3 లేదా +0.7 పెట్టండి. బల్బులు తెల్లగా మాసిపోయినా పర్లేదు.

కెమెరాలో నాయిస్ (ఈ చుక్కలనే అలా అంటారు) రిడక్షన్ స్థాయి మార్చే వీలుంటే తక్కువలో ఉంచండి. ఎక్కువ పెడితే ముఖాలు మైనం పూసినట్టవుతాయి. కంప్యూటర్‌లో మాత్రం ముందు రంగు చుక్కలనే తీయండి, నలుపు తెలుపు గరుకుదనం కంటికి పెద్దగా అడ్డురాదు. కెమెరాలో రా ఫార్మాట్ (కెమెరా సరిదిద్దకుండా దాచే ముడి ఫొటో) ఉంటే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఈ పని చేస్తుంది. కదలని దృశ్యానికైతే ఒకే సెట్టింగుతో నాలుగు ఫొటోలు తీసి, జింప్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా పేర్చి, కింద నుంచి పైకి ఒపాసిటీ (పొర ఎంత దట్టంగా కనిపించాలో చెప్పే శాతం) 100, 50, 33, 25 ఇవ్వండి. నాయిస్ సగానికి పడిపోతుంది. ఇక 4 × 6 ప్రింట్ కోసమే అయితే 1800 × 1200 పిక్సెళ్లు చాలు. ఆ సైజుకు కుదిస్తేనే సగం బెడద వదులుతుంది.

ప్రశ్న: ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తేగానే బల్బుల చుట్టూ వెలుగు ముద్దలు వస్తున్నాయి. ఇదీ నాయిసేనా?
– యానాం పాఠకురాలు

జవాబు: కాదండీ, లెన్స్ మీద పట్టిన తేమ. తుడిస్తే మళ్లీ పడుతుంది, గీతలూ పడొచ్చు. గదిలో ఉండగానే కెమెరాను జిప్ కవర్లో వేసి, బయటికొచ్చాక అరగంట ఆగి తెరవండి.