డెల్ఫ్ట్‌లో తీరుబడిగా ఒక రోజు

ప్రశ్న: మా అమ్మాయి రోటర్‌డామ్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే మే నెలలో నేనూ మావారూ అక్కడికి వెళ్తున్నాం. పాత డచ్ పట్టణం ఒకటి హడావుడి లేకుండా చూడాలని ఉంది. డెల్ఫ్ట్, లైడెన్ రెండూ ఒకే రోజు చుట్టిరావచ్చునని అల్లుడుగారు అంటున్నారు. మావారికి మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. డెల్ఫ్ట్ ఒక్కటే చూడండి. రోటర్‌డామ్ నుంచి రైలులో దాదాపు పావుగంట ప్రయాణం. స్టేషను నుంచి పాత పట్టణానికి నడిచే వెళ్లవచ్చు. దారి చదునుగానే ఉన్నా వీధుల్లో రాళ్లు పరిచి ఉంటాయి కనుక మీవారికి మెత్తని బూట్లు వేయించండి. ఆదివారం మాత్రం వెళ్లవద్దు. ఆ రోజు పెద్ద చర్చిలు రెండూ ప్రార్థనలకే గాని సందర్శకులకు తెరవరు. గురువారమైతే నడిబొడ్డునున్న చౌకులో సంత జరుగుతుంది.

ముందుగా ఔదె డెల్ఫ్ట్ అనే కాలువ గట్టు వెంట నడవండి. సుమారు 75 మీటర్ల ఎత్తున్న పాత చర్చి గోపురం నిట్టనిలువుగా కాక దాదాపు రెండు మీటర్లు పక్కకు ఒరిగి కనిపిస్తుంది. మెత్తని నేల దాని బరువును మోయలేకపోయింది. 1675లో కన్నుమూసిన చిత్రకారుడు వెర్మీర్‌ను ఈ చర్చిలోనే ఖననం చేశారు. సూక్ష్మదర్శినితో సూక్ష్మజీవులను చూసిన లేవెన్‌హుక్ సమాధి కూడా ఇక్కడే ఉంది. ఇద్దరూ 1632లో ఈ ఊళ్లోనే పుట్టారు. అయితే వెర్మీర్ చిత్రం ఒక్కటీ డెల్ఫ్ట్‌లో లేదు. ఆయన గీసిన డెల్ఫ్ట్ దృశ్యం కోసం ది హేగ్ నగరంలోని మారిట్స్‌హౌస్ చిత్రశాలకు మరో రోజు వెళ్లండి.

అదే కాలువ మీద డచ్ ఈస్టిండియా కంపెనీ డెల్ఫ్ట్ శాఖ నడిచిన భవనం ఉంది. చెన్నై నుంచి వెళ్లే తెలుగువారు తప్పక ఆగవలసిన చోటు అదేనని నా అభిప్రాయం. 1602లో ఏర్పడిన ఆ కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో డెల్ఫ్ట్ ఒకటి. మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టినదీ, మీకు ఉత్తరాన ఉన్న పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోటను కట్టినదీ ఆ కంపెనీయే. మన తీరపు అద్దకం బట్టలు ఓడలెక్కి ఆ దేశపు ఇళ్లకు చేరింది ఆ వర్తకం వల్లనే.

చౌకులోని కొత్త చర్చిలో, 1584లో ఇదే ఊళ్లో హత్యకు గురైన, స్పెయిన్ పాలనపై డచ్చివారి తిరుగుబాటును నడిపిన విలియం ఆఫ్ ఆరెంజ్ సమాధి ఉంది. గోపురానికి 376 మెట్లున్నాయి, మీవారిని ఎక్కించవద్దు. భోజనం చౌకులోనే ముగించి ఆయనను కాసేపు కూర్చోబెట్టండి.

మధ్యాహ్నం ఈ ఊరికి పేరు తెచ్చిన నీలం పింగాణీకి కేటాయించండి. 1653లో మొదలైన రాయల్ డెల్ఫ్ట్ కర్మాగారం పట్టణానికి కొంత దక్షిణంగా ఉంది కాబట్టి టాక్సీలో వెళ్లండి. చిత్రకారులు కుంచెతో అద్దే రంగు అక్కడ నల్లగా కనిపిస్తుంది. అందులోని కోబాల్ట్ కొలిమిలో కాలిన తరువాతే ప్రసిద్ధమైన ఆ నీలం తేలుతుంది. ఈ పని దగ్గరగా నిలబడి చూడండి, తొందరపడకండి. చౌకు చుట్టూ ఉన్న అంగళ్లలో చవకగా దొరికేవాటిలో ఎక్కువ భాగం అచ్చు వేసినవి; చేత్తో గీసినదే కావాలంటే అడుగున కర్మాగారం గుర్తు, గీసినవారి పొడి అక్షరాలు ఉన్నాయో లేదో తిప్పి చూసి కొనండి.