పాఠకుల ప్రశ్నలు: కరీం అబ్దుల్ జబ్బార్, స్కైహుక్, ఆ కళ్లద్దాలు

ప్రశ్న: మా మావయ్యది ఒకటే వాదనండి. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీం అబ్దుల్ జబ్బార్ ఏడడుగుల రెండంగుళాల మనిషి, అందుకే అన్ని పాయింట్లు కొట్టాడు, ఇందులో గొప్పేముందీ అంటాడు. నిజమేనా?
- ఇంటర్ విద్యార్థి, భీమవరం

జవాబు: ఎత్తు కలిసొచ్చిందన్న మాట వరకు మావయ్యగారికి వదిలేయండి. ఎత్తే అంతా చేసిందంటే మాత్రం లెక్క కుదరదు. 1984 ఏప్రిల్ 5న లాస్ వేగాస్‌లో యూటా జాజ్‌తో ఆడుతూ కరీం, ఎన్‌బీఏ (అమెరికా వృత్తి లీగ్)లో అందరికంటే ఎక్కువగా విల్ట్ చాంబర్లెయిన్ పేరిట ఉన్న 31,419 పాయింట్ల రికార్డు దాటాడు. జట్టు సహచరుడు మ్యాజిక్ జాన్సన్ బంతి అందించాడు, కరీం స్కైహుక్ (పక్కకు తిరిగి, చెయ్యి నిటారుగా చాపి తల మీదుగా ఒంటి చేత్తో వేసే హుక్ షాట్) వేశాడు. అప్పుడు ఎదురుగా చేతులెత్తి నిలబడ్డ మార్క్ ఈటన్ ఎత్తు ఏడడుగుల నాలుగంగుళాలు! కరీం కంటే రెండంగుళాలు ఎక్కువ. మరి ఈటన్ కెరీర్ సగటు? ఆటకు ఆరు పాయింట్లు. కరీంది 24.6.

కరీం 1947 ఏప్రిల్ 16న న్యూయార్క్‌లో పుట్టాడు. అప్పటి పేరు ఫెర్డినాండ్ లూయిస్ ఆల్సిండర్. యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ)లో కోచ్ జాన్ వుడెన్ శిష్యుడిగా 1967, 68, 69 వరుసగా మూడేళ్లు కాలేజీ టైటిల్ గెలిచాడు. ఆ మూడేళ్లలో జట్టు 88 ఆటలు గెలిచి రెండే ఓడింది. 1967లో కాలేజీ ఆటలో డంక్ (ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి దించడం) నిషేధించారు, కరీంను ఆపడానికేనని చాలామంది నమ్మకం. 1976 దాకా ఆ నిషేధం నడిచింది. ఆపాలన్నదే ఉద్దేశమైతే బెడిసికొట్టింది. డంక్ లేకపోయేసరికి కరీం హుక్ షాట్‌కు మరింత సాన పెట్టుకున్నాడు. 1969లో ఎన్‌బీఏ జట్టు మిల్వాకీ బక్స్, 1971లో తొలి టైటిల్, 1975 నుంచి లాస్ ఏంజెలెస్ లేకర్స్, అక్కడ మరో అయిదు టైటిళ్లు. ఆరుసార్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు). 42 ఏళ్ల వయసులో 1989లో ఆట మానేసేసరికి 38,387 పాయింట్లు. 2023 ఫిబ్రవరి 7న లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా అదే రికార్డు.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ హైస్కూలు. పిల్లల్లో అయిదడుగుల ఆరంగుళాలు దాటినవాళ్లు ముగ్గురో నలుగురో. వీళ్లకు స్కైహుక్ నేర్పడం దండగేనా? నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
- పీఈటీ, అమలాపురం దగ్గర

జవాబు: దండగ కాదు మాస్టారూ. మామూలు షాట్‌లో బంతి మన ముఖం ముందుంటుంది, అడ్డుకునేవాడి చేతికి దగ్గర. హుక్‌లో మనం పక్కకు తిరుగుతాం కాబట్టి వాడికీ బంతికీ మధ్య మన భుజాల వెడల్పంతా అడ్డు. పొడుగువాడి కంటే పొట్టివాడికే ఈ అడ్డు ఎక్కువ అవసరం. మీవాళ్లది కరీం వేసినంత ఎత్తున పోదు, అంతే తేడా.

ముందు మైకన్ డ్రిల్. జార్జ్ మైకన్ అనే పాతకాలపు సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) పేరు మీద వచ్చింది, కరీం పునాది కూడా అదే. పిల్లవాణ్ని రింగు కింద బోర్డు వైపు నిలబెట్టండి. కుడివైపు నుంచి ఎడమ కాలి మీద లేచి, కుడి చేత్తో బోర్డు మీద గీసిన చిన్న బాక్సు పై మూలకు బంతి తాకించాలి. వలలోంచి జారిన బంతిని నేల తాకనివ్వకుండా పట్టుకుని, గడ్డం కిందికి దించకుండానే, కుడి కాలు వేసి లేచి ఎడమ చేత్తో ఎడమ మూలకు. రోజుకు ఒక్కో చేత్తో 20 పడాలి. వేసినవి కాదు, పడినవి లెక్కపెట్టండి. ఎడమచెయ్యి మొదట్లో మొరాయిస్తుంది, దాన్ని వదిలేస్తే రెండో వారానికే పిల్లలు అంతా కుడివైపుకి చేరిపోతారు. బంతి సైజు కూడా చూసుకోండి: 12 ఏళ్ల లోపు వాళ్లకు 5 నంబరు, ఆడపిల్లలకు 6, పెద్ద మగపిల్లలకు 7. చిన్న చేతికి 7 నంబరు ఇస్తే మణికట్టు పనిచెయ్యదు, భుజంతో విసరడం అలవాటవుతుంది.

తర్వాత అసలు షాట్. కుడిచేతి వాటం వాళ్లకి చెబుతున్నాం. రింగుకు ఎదురుగా చూస్తే ఎడమవైపు, రెండు మీటర్ల దూరంలో, రింగుకు వీపు పెట్టి నిలబడాలి. రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకేలా బంతి అందుకోవాలి. ఎడమ కాలు కోర్టు మధ్యకు ఒక అడుగు. ఆ కాలి బొటనవేలు ఎదుటి సైడ్‌లైన్ వైపు చూడాలి, రింగు వైపు కాదు. అప్పుడు ఎడమ భుజం దానంతటదే రింగుకు గురిపడుతుంది. ఎడమ మోచెయ్యి వంచి ఛాతీ ముందు అడ్డం. ఆ చెయ్యి చాపి నెడితే ఫౌల్ మన మీదికే వస్తుంది. బంతిని రెండు చేతుల్తో కుడి చెవి దాకా తెచ్చి, అక్కడ ఎడమ చెయ్యి వదిలేయాలి. ఈలోగా ఎడమ భుజం మీదుగా రింగును చూసేయాలి. కుడి మోకాలు పైకి లేస్తూ ఎడమ కాలి మీద ఎగరడం, చెయ్యి చెవిని రాసుకుంటూ నిటారుగా సాగడం, చివర్లో మణికట్టు విరుపు. బంతిని ఆఖరున వదిలేవి చూపుడు వేలు, మధ్య వేలు. దిగేటప్పుడు రెండు కాళ్ల మీద, రింగుకు ఎదురుగా.

ఇక్కడ కుడి కాలు పివట్, అంటే నేల మీద ఆనించి తిరిగే కాలు. అది గాల్లోకి లేవచ్చు, బంతి చెయ్యి దాటకముందే మళ్లీ నేల తాకితే మాత్రం ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని నడిచిన తప్పు. పిల్లలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

తప్పు ఎక్కడుందో బంతే చెబుతుంది. పైకి లేచి రింగుకు చేరకుండా పడిపోతోందంటే చెయ్యి నిటారు కాకముందే వదిలేస్తున్నాడు. బల్లపరుపుగా వెళ్లి బోర్డును బాదుతోందంటే ఆలస్యంగా వదులుతున్నాడు. కుడి ఎడమలకు పోతోందంటే చేతిని సరిచేయొద్దు, పాదం చూడండి, భుజాల గీత రింగుకు సూటిగా లేదు. ముందు ఎగరకుండా ఒక మీటరు నుంచి, తర్వాత అడుగు వేసి, ఆ తర్వాత ఎగిరి, చివర రెండు మీటర్ల నుంచి. పదింట ఏడు పడేదాకా తర్వాతి మెట్టుకు పోనివ్వకండి. ఎదురుగా మనిషిని పెట్టేది అన్నిటికంటే ఆఖర్న.

ప్రశ్న: కిందటేడు గ్రౌండు మెరక చేయించాం. అప్పట్నుంచీ బోర్డుకు కొట్టిన బంతి రింగు దాటి పోతోంది. పిల్లల తప్పా, బోర్డు తప్పా?
- గ్రామ క్రీడా సంఘం, రాజోలు దగ్గర

జవాబు: టేపు పట్టండి. రింగు పై అంచు నుంచి సరిగ్గా కింద నేలకు 3.05 మీటర్లు ఉండాలి. జానెడు మెరక పోస్తే రింగు జానెడు దిగినట్టే. బోర్డు అడుగు అంచు నేలకు 2.90 మీటర్లు. బోర్డుకూ రింగు లోపలి అంచుకూ మధ్య ఎడం 15 సెంటీమీటర్లు. రింగు లోపలి వ్యాసం 45. తర్వాత బోర్డు ముందు తూకపు గుండు వేలాడదీయండి. నల్లరేగడిలో స్తంభం వానకు ఒరిగి, ఎండకు అలాగే బిగుసుకుపోతుంది. బోర్డు కొద్దిగా వెనక్కి వాలినా బంతి పైకి చిమ్ముతుంది.

ఎక్కువమంది చూడనిది బాక్సు. బయటి కొలత 59 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, అడుగు గీత పై అంచు రింగుతో సమానంగా ఉండాలి. పెయింటర్ కంటి అంచనాతో వేస్తే పిల్లలు గురి తప్పే నేర్చుకుంటారు. సరిచేయాలంటే స్తంభం మీద బోర్డు బిగించే బోల్టు రంధ్రాలు పైకి కొత్తగా వేయించండి. రింగు కింద మట్టి తవ్వి లోతు చేద్దామని ఎవరో ఒకరు అంటారు, తొలకరికే అది చెరువు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బోల్టులు లోలోపలే తుప్పు పడతాయి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి స్పానర్‌తో బిగించి చూడండి. వదులు బోర్డు బంతి వేగాన్ని తినేస్తుంది, అప్పుడు అదే షాట్ తక్కువ పడుతుంది.

ప్రశ్న: మా బాబుకు చత్వారం లేదుగానీ దూరపు చూపు తక్కువ, అద్దాలు తీసి ఆడుతున్నాడు. కరీం కూడా అద్దాలతో ఆడేవాడట. చూపు తక్కువా?
- ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: చూపు కోసం కాదమ్మా, రక్షణ కోసం. రింగు దగ్గర ఎదుటివాళ్ల వేళ్లు తగిలి కంటి నల్లగుడ్డు మీది పొర పలుమార్లు గీసుకుపోయింది. 1974లో అలా గీరుకున్నప్పుడు కోపంతో రింగు స్తంభాన్ని గుద్ది చెయ్యి కూడా విరగ్గొట్టుకున్నాడు! ఆ సీజన్ మొదటి ఆటలు పోయాయి, గాగుల్స్ వచ్చాయి. పదే పదే గీసుకున్న పొర తర్వాతి కాలంలో దానంతటదే ఊడే జబ్బుగా మారింది.

మీ బాబుకు పవర్ వేయించిన స్పోర్ట్స్ గాగుల్స్ కావాలి. గ్లాసు వద్దు, పాలీకార్బొనేట్ అని అడగండి. చెవి కాడలకు బదులు తల చుట్టూ తిరిగే ఎలాస్టిక్ పట్టీ, ముక్కు మీద మెత్తటి రబ్బరు, పక్కన గాలి రంధ్రాలు. మన ఉక్కపోతలో ఆ రంధ్రాలు లేకపోతే పది నిమిషాలకే ఆవిరి కమ్ముతుంది. జెర్సీతో తుడవనివ్వకండి, చెమట ఉప్పూ దుమ్మూ కలిసి గీతలు పెడతాయి. గీతలు పడ్డ అద్దం పిల్లలు పెట్టుకోరు.

వేలు తగిలితే నలపకూడదు. శుభ్రమైన నీళ్లతో కడిగి ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. పసరు, చనుబాలు, ఇంట్లో మిగిలిన పాత చుక్కల మందు ఏదీ వద్దు. గీరుకున్న కంట్లో స్టెరాయిడ్ చుక్కలు పడితే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. జట్టులో అందరికీ గోళ్లు కత్తిరించే రోజు ఒకటి పెట్టమని మాస్టారికి చెప్పండి, సగం దెబ్బలు తగ్గుతాయి.

ప్రశ్న: నలభై రెండేళ్లు నాకు. సిమెంటు కోర్టులో వారానికి నాలుగు రోజులు ఆడతాం, మోకాళ్లు పీకేస్తున్నాయి. కరీం ఆ వయసు దాకా ఎలా నెట్టుకొచ్చాడు? కొబ్బరి నీళ్లు తాగుతున్నాను, చాలవా?
- బ్యాంకు ఉద్యోగి, తణుకు

జవాబు: 1985 ఫైనల్ మొదటి ఆటలో లేకర్స్‌ను బోస్టన్ 148-114తో చితక్కొట్టింది. 38 ఏళ్ల కరీంకు వచ్చినవి 12 పాయింట్లు, 3 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని పట్టడం). ముసలాడైపోయాడన్నారు. రెండో ఆటలో 30 పాయింట్లు, 17 రీబౌండ్లు, 8 అసిస్టులు (సహచరుడు బుట్టలో వేసేలా బంతి అందించడం). సిరీస్ లేకర్స్‌ది, ఫైనల్స్ ఎంవీపీ కరీం. యోగా, తాడాట విడవలేదు. అంతకన్నా ముఖ్యం, అతని షాట్‌కు పెద్దగా ఎగరాల్సిన పని లేదు.

మీరు ముందు రోజులు తగ్గించండి: వారానికి మూడు, మధ్యలో ఒక్కో రోజు విడుపు. ఆటకు ముందు 10 నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి. తాడాట సిమెంటు మీద కాదు, గట్టి మట్టి మీద, బూట్లతో, నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు చాలు. 30 సెకన్లు ఎగరడం, 30 ఆగడం, అలా ఆరుసార్లు. మెట్టు అంచున మునివేళ్లు ఆనించి మడమలు నెమ్మదిగా కిందికి దించడం 15 చొప్పున మూడు విడతలు. మెట్లు దిగేటప్పుడు మోకాలిచిప్ప కింద నొప్పి ఉంటే ఆట ఆపి ఎముకల డాక్టరును కలవండి.

కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. లీటరు నీళ్లకు అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార, అన్నీ తలకొట్టి. బీపీ, షుగర్ ఉంటే డాక్టరును అడిగాకే.

క్లుప్తంగా:

పేరు ఎప్పుడు మార్చుకున్నాడు? (నరసాపురం)
1968లో ఇస్లాం స్వీకరించాడు. 1971 నుంచి అందరికీ తెలిసింది కొత్త పేరుతోనే.

మూడు పాయింట్ల షాట్లు ఎన్ని? (మండపేట)
ఒక్కటి. 18 ప్రయత్నించాడు. ఎన్‌బీఏలో ఆ గీత వచ్చిందే 1979-80లో.

రిటైరయ్యాక? (కాకినాడ)
పుస్తకాలు, వ్యాసాలు రాశాడు. 2002లో ఓక్లహోమా స్టార్మ్ అనే చిన్న లీగ్ జట్టుకు కోచ్‌గా టైటిల్ తెచ్చాడు. 2008లో ఒకరకం రక్త క్యాన్సర్ బయటపడింది, మరుసటేడు ఆ సంగతి తానే చెప్పాడు. 2016లో అమెరికా అధ్యక్షుడి నుంచి మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నాడు.

అంత మంచి షాట్‌ను ఇప్పుడెవరూ ఎందుకు వేయరు? (రామచంద్రపురం)
దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లు, దగ్గర నుంచి వేస్తే రెండే, మూడు రెండు కన్నా ఎక్కువన్న లెక్క ఒకటి. రెండోది నియమం. 2001 దాకా ఎన్‌బీఏలో జోన్ కట్టడం (ఒక్కొక్కరు ఒక ఆటగాణ్ని కాకుండా ఒక్కో చోటును కాపలా కాయడం) కుదరదు, రింగు దగ్గర పొడుగువాడికి ఒక్కడే ఎదురు. ఇప్పుడు బంతి చేరకముందే ఇద్దరు కమ్ముకుంటారు. మన స్కూలు పోటీల్లో జోన్ ఎప్పుడూ ఉంది. కాబట్టి మీ హుక్ వేసేవాణ్ని రింగు పక్కన పాతేయకండి. ఫ్రీత్రో గీత అవతలి నుంచి లోపలికి దూరి, బంతి అందుకుని, రెండో అడుగుకే షాట్ వేయించండి. పెయింటు (రింగు ముందు గీతల మధ్య చోటు) లోపల నిలబడి చెయ్యి ఊపుతూ ఉంటే మూడు సెకన్లకు ఈల పడుతుంది.