మా అబ్బాయి బాస్కెట్‌బాల్ కోచ్ అవుతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు. స్టాటిస్టిక్స్ డిగ్రీ మూడో ఏడు చదువుతున్నాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో స్టూడెంట్ మేనేజర్‌గా చేరి బంతులు అందిస్తూ, నేల తుడుస్తూ తిరుగుతున్నాడు. కాలేజీ కోచ్ అవుతాడట. డేటా సైన్స్‌లో మాస్టర్స్ చేయమంటే వినడం లేదు. పోనీ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లోనో, స్పోర్ట్స్ అనలిటిక్స్‌లోనో మాస్టర్స్ చేయిస్తే ఎలా ఉంటుంది? మూడు దారులనూ పోల్చి చెప్పండి. ముప్పై ఏళ్లొచ్చినా సెటిల్ కాకపోతే నలుగురికీ ఏం చెప్పుకోవాలి?

జవాబు: నమస్కారమండీ. పోలిక తర్వాత చూద్దాం. పిల్లవాడు ఏ దారి ఎంచుకున్నా తల్లిదండ్రుల ఉత్తరం చివర ఈ ముప్పై ఏళ్ల భయమే ఉంటుంది. ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

బ్రాడ్ స్టీవెన్స్ అని ఇండియానాకు చెందిన ఒకాయన ఉన్నారు. ఎకనామిక్స్ చదివి, ఎలై లిల్లీ అనే పెద్ద మందుల కంపెనీలో మంచి ఉద్యోగంలో చేరారు. 2000లో, 23 ఏళ్ల వయసులో, ఆ ఉద్యోగం వదిలేసి బట్లర్ యూనివర్సిటీ టీమ్‌లో జీతం లేకుండా పనిచేయడానికి వెళ్లిపోయారు. ఆ రోజుల్లో వాళ్లింట్లో ఎంత టెన్షన్ పడి ఉంటారో మీరు ఊహించుకోగలరు. 2007లో, సరిగ్గా మీరు భయపడే ఆ ముప్పయ్యో ఏట, అదే టీమ్‌కు హెడ్ కోచ్ అయ్యారు. ఒక చిన్న కాలేజీని 2010లో, మళ్లీ 2011లో జాతీయ ఫైనల్‌కు తీసుకెళ్లారు. రెండుసార్లూ ఓడిపోయారు, మొదటిసారి డ్యూక్ యూనివర్సిటీ చేతిలో 61-59తో. అయినా 2013లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలోని బోస్టన్ సెల్టిక్స్ టీమ్ ఆయన్ని పిలిచి కోచ్‌ని చేసింది.

ఆ ఫైనల్లో ఆయన్ని ఓడించిన డ్యూక్ కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ సంగతీ వినండి. 1980లో డ్యూక్‌కు వచ్చాక మొదటి మూడు సీజన్లలో ఆయన గెలిచినవి 38, ఓడినవి 47. తీసేయమని కాలేజీ అభిమానులే గోల చేశారు. యాజమాన్యం ఓపిక పట్టింది. 2022లో రిటైరయ్యే నాటికి ఆయన ఖాతాలో 5 జాతీయ టైటిళ్లు, మొత్తం 1,202 విజయాలు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీకి 10 టైటిళ్లు తెచ్చిన కోచ్ జాన్ వుడెన్ 1948లో అక్కడ చేరితే, మొదటి టైటిల్ వచ్చింది 1964లో. ఈ వృత్తిలో ఫలితం ఇంత నిదానంగా వస్తుందని చెప్పడానికే ఈ పేర్లు చెప్పాను. మీవాడు ఇంతవాడవుతాడని మాటివ్వడానికి కాదు.

ఎందుకంటే కష్టాలు కూడా చిన్నవి కావు. పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పై శ్రేణి అయిన డివిజన్ 1లో ఉన్న టీమ్‌లు 360 పైచిలుకు. అన్నే హెడ్ కోచ్ ఉద్యోగాలు. టీమ్ ఓడిపోతూ ఉంటే హెడ్ కోచ్‌ని తీసేస్తారు, ఆయనతో పాటు అసిస్టెంట్లూ సాధారణంగా ఇంటికే. ఏ మార్చిలోనో ఉద్యోగం పోయి, పిల్లల స్కూలు మాన్పించి వేరే రాష్ట్రానికి మారే కుటుంబాలు ఈ వృత్తిలో మామూలే. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు ప్రకటనల్లాంటి వాటితో తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే తమ క్రీడల ఆదాయంలో వాళ్లకు నేరుగా వాటా ఇవ్వచ్చు. కాలేజీలు మారడమూ తేలికైంది. దాంతో కోచ్‌కి ఏటా టీమ్‌ని మళ్లీ కూర్చుకోవాల్సి వస్తోంది. 2019లో వర్జీనియా యూనివర్సిటీకి టైటిల్ తెచ్చిన కోచ్ టోనీ బెనెట్ ఈ వాతావరణానికి తాను సరిపోనంటూ 2024 అక్టోబరులో, సీజన్ మొదలవబోతుండగా తప్పుకున్నారు. ఇవన్నీ మీవాడికి తెలుసో లేదో అడగండి. తెలిసీ వెళ్తానంటే ఆ మాటకు విలువ ఇవ్వాలి.

ఇప్పుడు మీ మీద నాకున్న కోపం. బంతులు అందిస్తూ, నేల తుడుస్తూ తిరుగుతున్నాడని రాశారు. స్టూడెంట్ మేనేజర్ అంటే ప్రాక్టీస్‌కు అందరికంటే ముందొచ్చి, వీడియో తీసి, లెక్కలు రాసి, కోచ్ ఎప్పుడు ఎందుకు అరిచాడో దగ్గరుండి చూసేవాడు. లారెన్స్ ఫ్రాంక్ ఇండియానా యూనివర్సిటీలో ఈ పనే చేసి తర్వాత ఎన్‌బీఏ హెడ్ కోచ్ అయ్యారు. డస్టీ మే అక్కడే మేనేజర్‌గా చేసి, 2023లో కోచ్‌గా ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీని ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ సెమీఫైనల్స్‌కు, తీసుకెళ్లారు. ఆటగాడిగా పేరు లేని కుర్రాడికి ఈ వృత్తిలోకి ఉన్న తలుపు ఇదే, మీవాడు మిమ్మల్ని అడక్కుండానే దాన్ని వెతుక్కున్నాడు. మెచ్చుకోవాల్సింది పోయి బంధువులకు ఏం చెప్పాలని అడుగుతున్నారు. యూనివర్సిటీలో పనిచేస్తున్నాడని చెప్పండి, అది నిజమే కదా. వీసాల కోసం మీరు పడ్డ పాట్లు నాకు తెలుసు. అవి వాడు తీర్చాల్సిన బాకీ కాదు.

ఇక మీరు మధ్యేమార్గం అనుకుంటున్న మాస్టర్స్. నాకు చాలా అనుమానాలున్నాయి. ఈమధ్య ప్రతి కాలేజీ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్, స్పోర్ట్స్ అనలిటిక్స్ అని కోర్సులు పెడుతోంది. బ్రోషర్ మీద స్టేడియం బొమ్మ, లోపల మార్కెటింగ్, ఈవెంట్లు, టికెట్ల అమ్మకం. అవి చెడ్డ ఉద్యోగాలు కావు, కానీ మీవాడు కోరుకున్నది అది కాదు. అనలిటిక్స్‌కైతే వాడి స్టాటిస్టిక్స్ డిగ్రీ చాలు. ఆ టీమ్ వీడియోల నుంచే సొంతంగా విశ్లేషణలు చేసి కోచ్‌కి చూపిస్తే, అదే వాడి సర్టిఫికెట్. తల్లిదండ్రుల భయాన్ని ఫీజుగా మార్చుకునే కోర్సుకు దయచేసి డబ్బు కట్టకండి. హైదరాబాద్, విజయవాడల నుంచి ఇదే కోర్సుకు వెళ్లాలనుకునే పిల్లలు ఇంకో సంగతి చూసుకోవాలి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల జాబితాలోకి రాదు. అంటే ఓపీటీ, అదే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీద పనిచేసే అనుమతి, ఒక్క ఏడాదే, అదనపు 24 నెలలు ఉండవు.

మాస్టర్స్ చేయాల్సిందే అనుకుంటే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరమనండి. టీమ్‌తో పనిచేస్తూ చదువుకోవచ్చు, చాలాచోట్ల ఫీజు కాలేజీయే భరించి, కొంత స్టైపెండ్ కూడా ఇస్తుంది. ఆ చదువు స్టాటిస్టిక్సే అయినా అభ్యంతరం లేదు. మీరు అడిగిన డేటా సైన్స్ ఎక్కడికీ పోదు. 26 ఏళ్లప్పుడు కూడా లెక్కలు వచ్చినవాడికి ఉద్యోగం వెతుక్కునే దారి ఉంటుంది. 22 ఏళ్లప్పుడు జీతం లేకపోయినా పరవాలేదని బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన నిలబడే ఓపిక, పెళ్లీ ఇంటి అప్పూ వచ్చాక ఉండదు.

డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు ఇవ్వండి. 26 నిండేవరకూ మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ఉండచ్చు, కాబట్టి ఆ దిగులు లేదు. అద్దెకు ఎంత సాయం చేయగలరో ముందే చెప్పేయండి, మధ్యలో దెప్పకండి. ఏటా సీజన్ అయిపోయాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి: కొత్త బాధ్యత ఏమైనా ఇచ్చారా, వేరే కాలేజీలో వీడి పేరు చెప్పే కోచ్ ఒక్కరైనా ఉన్నారా? రెండేళ్లు వరసగా రెండింటికీ లేదనే జవాబు వస్తే వాడే మరో దారి చూసుకుంటాడు. ప్రస్తుతానికి, వచ్చే ఏడాదికి ఏయే కాలేజీల్లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఖాళీలు ఉండచ్చో ఈ సీజన్ ముగిసేలోపు తన కోచ్‌ని అడగమనండి. ఆ ఉద్యోగాలు చాలావరకు తెలిసినవాళ్ల మాట మీదే నిండిపోతాయి.