కుక్కొచ్చాక ఇల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా కుక్కపిల్లకి ఐదు నెలలు. అత్తయ్యగారు ‘కూర్చో’ అంటారు, పనమ్మాయి ఒడియాలో ‘బస’ అంటుంది, పిల్లలేమో ‘సిట్’. అది ఎవరి మాటా వినదు. ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: మీ ఊళ్లో మనుషులకి మూడు భాషలు మంచినీళ్ల ప్రాయం. కుక్కకి మాత్రం భాష లేదు, శబ్దమే. ఒక్కో పనికి ఒక్క శబ్దం ఖాయం చేసుకోండి. మా ఓటు ‘బస’కే. పొట్టి మాట, పనమ్మాయితో సహా అందరికీ నోరు తిరుగుతుంది. ‘కూర్చో’ అని గడప తొక్కిన ప్రతి చుట్టంతోనూ అంటాం, దాంతో కుక్క ఆ మాట పట్టించుకోవడం మానేస్తుంది.

శనగగింజంత ఉడికిన కోడిమాంసం ముక్కలు పది తీసుకోండి. కూరలోవి వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. ముక్కని దాని ముక్కు ముందు పెట్టి, నుదుటి మీదుగా మెల్లగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తుంది, నడుము దానంతటదే దిగుతుంది. నేలకి ఆనిన క్షణంలోనే ముక్క నోటికి అందాలి. లేచాక ఇస్తే లేవడం నేర్చుకుంటుంది. చెయ్యి మరీ ఎత్తితే ఎగురుతుంది, అందుకని రెండు అంగుళాల ఎత్తు చాలు. వెనక్కి నడిచిపోతుంటే దాని వెనక గోడ ఉండేలా నిలబెట్టండి.

మొదటి రెండు రోజులూ మాట వద్దు, చెయ్యే. మూడోనాటి నుంచి చెయ్యి కదిపే ముందు ఒక్కసారే ‘బస’ అనాలి. తిండికి ముందు, ఆకలి మీదున్నప్పుడు, ఐదేసి నిమిషాలు, రోజుకి మూడుసార్లు. ‘బస బస బస’ అని జపం చేస్తే మూడోసారికి కూర్చుంటే చాలనుకుంటుంది. అత్తయ్యగారు మాట మార్చుకోలేనంటే పట్టుబట్టకండి. చేతిసైగ మాత్రం అందరిదీ ఒకటే కావాలి, కుక్కలు మాటకంటే సైగనే తొందరగా పట్టుకుంటాయి.

ప్రశ్న: రెండు నెలల కుక్కపిల్లని తెచ్చి పదిరోజులైంది. రాత్రి నిద్ర లేదు. ఫినాయిల్‌తో తుడిచినా అదే మూల తడుపుతోంది. కొట్టాలా?
– ఒక ఉద్యోగి, బరంపురం

జవాబు: కొట్టకండి. కొడితే ఆపదు, మంచం కింద దాక్కుని చేస్తుంది. ఆ వయసులో అది మూడు గంటలకి మించి ఆపుకోలేదు. ఆఖరి తిండి ఏడున్నరకి పెట్టేయండి. మీరు పడుకునే ముందొకసారి, ఒంటిగంటకి, నాలుగింటికి బయటికి తీసుకెళ్లండి. అలారం మీకు తప్పదు. నాలుగు నెలలు నిండేసరికి చాలా పిల్లలకి ఒంటిగంట లేపుడు అక్కర్లేదు. పగలు మూడు వేళలు గుర్తుంచుకోండి: నిద్రలేవగానే, తిన్న పావుగంటకి, ఆట ఆగగానే.

ఇక ఫినాయిల్. ఆ ఘాటు మన ముక్కుకే అడ్డం, అడుగున ఉన్న మూత్రం వాసన దానికి అందుతూనే ఉంటుంది. పైగా తడినేల మీద నడిచి పాదాలు నాకుతుంది, అది కడుపులోకి పోతుంది. ముందు పాతగుడ్డతో అద్ది తడి లాగేయండి. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి పోసి, పది నిమిషాలాగి తుడవండి. పాలరాయి, మొజాయిక్ మీద వెనిగర్ మచ్చ పడుతుంది. వాటికి పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనరే వాడాలి. అద్దిన గుడ్డని పెరట్లో మీరనుకున్న చోట వెయ్యండి, వాసన పట్టుకుని అక్కడికే పోతుంది.

బయటికంటే పెరడే, వీధి కాదు. కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. నాలుగు నెలలప్పుడు వేసే ఆఖరి టీకా డోసయ్యాక రెండు వారాలాగి వీధిలో దించండి.

ప్రశ్న: సంక్రాంతికి రైల్లో విజయనగరం వెళ్లాలి. మా ల్యాబ్ (లాబ్రడార్) కుక్కని మాతో స్లీపర్‌లో తీసుకెళ్లనిస్తారా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: స్లీపర్‌లో గానీ, సెకండ్, థర్డ్ ఏసీల్లో గానీ ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేర ఉంటేనే పక్కన ఉంచుకోవచ్చు. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి, గార్డు పెట్టెలోని డాగ్ బాక్సులో పంపాలి. అది ఇరుకు, చీకటి. పెద్ద ల్యాబ్ అందులో సుఖంగా తిరగలేదు, కాబట్టి మా సలహా కారే. రైలే ఖాయమైతే ఒకటి రెండు రోజుల ముందు పశువైద్యుడి దగ్గర ఆరోగ్య పత్రం రాయించుకుని, రేబిస్ టీకా కార్డుతో పాటు పట్టుకెళ్లండి. ఎక్కే ముందు నాలుగు గంటలు తిండి వద్దు, నీళ్లు మాత్రం ఇవ్వండి.