అమ్మను డాలస్ పంపేముందు

అల్లుడా,

నిన్న పొద్దుగూకినంక మీ అమ్మ ఫోన్ చేసింది. అక్క కాన్పుకు తనను డాలస్ పంపిస్తున్నవని, వీసా గూడ చేతికొచ్చిందని చెప్పింది. చెప్పేటప్పుడు గొంతుల సంబురం ఉన్నది, భయం ఉన్నది. నాకూ రెండూ ఉన్నయి. నా చెల్లెను అంత దూరం పంపేటంతటోనివైనవని గర్వపడ్డ. "మూడు రాత్రుల సంది ఫోన్ పట్టుకొనే కూసుంటున్నడన్నా, చూస్తుండంగనే ధర పెరుగుతున్నదట. నిన్న ఏదో అగ్గువ టికెట్ దొరికిందట, రెండు ముక్కలుగ ఉన్నదట" అన్నది. ఆ మాట విన్నంక నిద్ర పట్టలేదు. ఆ టికెట్ కొనకు. ఎందుకో కింద రాస్త.

ముందు ఆ పెరుగుడు సంగతి. నీ ఫోన్ నిన్ను పసిగట్టి ధర పెంచుతున్నదని అనుకుంటున్నవట. దానికంటె ముందు చూడాల్సినయి వేరే ఉన్నయి. విమానంల ఎకానమీ సీట్లన్ని చూసేటందుకు ఒక్కతీరే గని అమ్మకంల ఒక్కటి కాదు. కంపెనీ వాటిని వాటాలు చేసి, ఒక్కో వాటాకు ఒక్కో ఇంగ్లిష్ అక్షరం పెట్టి, ఒక్కో ధర కడ్తది. అగ్గువ అక్షరంల ఉన్న సీట్లు అయిపోంగనే పై అక్షరం ధర చూపెడ్తది. అందుకే వందా రెండొందలు కాదు, ఒక్కసారే ఐదారువేలు ఎగిరినట్టు కనపడ్తది. ఇంకోటి, ధరలు పోల్చి చూపెట్టే సైట్లు, గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్ అసొంటియి, టికెట్ అమ్మేటియి కావు. కొంతసేపటి కింద తెచ్చి పెట్టుకున్న ధర గూడ చూపెడ్తుంటయి. నువ్వు నొక్కి అమ్మేటోని దగ్గరికి పోయేసరికి ఆ సీటు పోయి ఉంటది.

మొదలు అమ్మానాయనలిద్దరికి కలిపి చూసినవట గదా, మనిషికి ఇంత పిరమా అని బెదిరినవట. అగ్గువ అక్షరంల ఒక్క సీటే మిగిలి, నువ్వు ఇద్దరికి అడిగితే, ఇద్దరికీ పై ధరే కడ్తది. అందుకే ఎంతమంది పోయినా ముందు ఒక్కరికి వెతికి చూడాలె. మీ నాయన బత్తాయి తోట ఇడిచి రానన్నడంట గనుక ఇప్పుడు ఒక్కరి లెక్కే చూడు.

తేదీలు. గూగుల్ ఫ్లైట్స్‌ల తేదీల పట్టిక తెరిస్తే పోయే రోజు ఒక దిక్కు, వచ్చే రోజు ఇంకో దిక్కు పెట్టి ధరలన్ని ఒక్కసారే చూపెడ్తది. అక్క కాన్పు తేదీకి నాలుగు వారాల ముందు చేరాలనుకుంటే ఆ వారంల ఏడు రోజులూ చూడు. ధర గమనించే బటన్ నొక్కి పెట్టుకుంటే మారినప్పుడు మెయిల్ వస్తది, రాత్రులు కూసునే పని లేదు. హైదరాబాద్‌కెల్లి మే నుంచి ఆగస్టు దాక సెలవులోళ్లు, చదువుకు పోయే పిల్లలు. డిసెంబర్ నడిమి నుంచి కొత్త సంవత్సరం దాక పండుగ రద్దీ. ఆ నెలలల్ల తగ్గుతదేమోనని ఆగకు. కాన్పు తేదీ మనకోసం ఆగది. రానుపోను ఒక్క టికెట్‌గనే తీస్కో. ఇసొంటి దూరాలకు ఒకవైపు టికెట్లు రెండు కొంటే మామూలుగ ఎక్కువే అయితది. తిరుగు తేదీ మార్చుకునే వీలున్న రకమే కొను. నెల రోజులు ఉంటనని పోయిన తల్లులు మూడు నెలలు ఉండుడు నేను చూస్తనే ఉన్న.

ఢిల్లీకెల్లి పోతే అగ్గువ అని ఎవరో చెప్పిండ్రట. ఢిల్లీ దాక వేరే టికెట్ మీద పోతే దేశం లోపలి విమానంల మామూలుగ 15 కిలోలే ఇస్తరు. అమెరికా టికెట్ మీద చానమట్టుకు 23 కిలోల బ్యాగులు రెండు. ఎక్కువైన 31 కిలోలకు కిలో లెక్కన కట్టినంక మిగిలేదేం ఉండది. అమెరికా టికెట్లల్ల గూడ బాగ తక్కువ రకం ధరలల్ల కొన్నిట్ల ఒక్క బ్యాగే ఇస్తున్నరు, పైసలు కట్టేముందు బ్యాగుల సంగతి రాసిన గడి తెరిచి సదువు.

ఇగ ఆ రెండు ముక్కల టికెట్. నల్లగొండ గడియారం సెంటర్‌ల నేను టికెట్లు బుక్ చేసే రోజులు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008ల తెరిచినంక కొన్నేండ్లకు, దేవరకొండ దిక్కు నుంచి ఒక తల్లి చికాగోల ఉన్న బిడ్డ కాడికి పోవాలని వచ్చింది. హైదరాబాద్‌కెల్లి గల్ఫ్‌ల ఒక ఊరి దాక ఒక కంపెనీ, ఆడికెల్లి చికాగోకు ఇంకో కంపెనీ, వేరువేరుగ కొంటే 14 వేలు తక్కువ పడ్డది. నడుమ నాలుగు గంటలు ఉన్నయి గదా అనుకొని కొన్న. తప్పు నాదే.

మొదటి విమానం గంటన్నర ఆలస్యంగ లేసింది. అంతా ఒక్కటే టికెట్ అయ్యుంటే, దాటిపోయినా కంపెనీయే తర్వాతి విమానంల ఎక్కిస్తుండె. వేరే టికెట్ గనుక రెండో కంపెనీకి ఆమె ఎవరో తెల్వదు. బ్యాగులకు శంషాబాద్‌ల కట్టిన ట్యాగు ఆ గల్ఫ్ ఊరి దాకనే. ఆడ దింపుకొని, మళ్ల రెండో కంపెనీ కౌంటర్‌ల ఇయ్యాలె. బ్యాగులు తిరిగే బెల్టేమో ఇమిగ్రేషన్ అవతల. ఇమిగ్రేషన్ దాటాలంటె ఆ దేశం వీసా కావాలె. ఆమె దగ్గర అమెరికా వీసా ఒక్కటే ఉన్నది. బ్యాగులు అవతల, ఆమె ఇవతల. ఎవరిని అడగాల్నో తెల్వక తిరిగి తిరిగి కౌంటర్ పట్టుకునేసరికి చెక్‌ఇన్ మూసిండ్రు. విమానానికి గంట ముందే మూస్తరు. పేరు మీద "నో షో", అంటె మనిషి రాలేదని రాసిండ్రు. దాంతోని పోయింది ఆ ఒక్క విమానమే కాదు. టికెట్‌ల విమానాలు వరుసగ ఎక్కాలె. ఒకటి ఎక్కకపోతే దాని తర్వాతియన్ని, తిరుగు ప్రయాణంతోని సహ, వాటంతట అవే రద్దయితయి. మళ్ల అన్ని కొత్తగ, ఆనాటి ధరకు కొన్నం. పైసలు నేనే కట్టిన. ఆ తల్లి పదకొండు గంటలు ఒక్క కుర్చీల, భాష రాక, సిమ్ పనిచెయ్యక కూసున్నది. దానికి నేనేమియ్యలేకపోయిన. తిరిగొచ్చినంక బోర్డింగ్ పాసు ఎన్కకు అతికిన ట్యాగు ముక్క తెచ్చి చూపెట్టింది. దాని మీద మూడే అక్షరాలు, ఆ గల్ఫ్ ఊరియి. చికాగోయి లేవు.

సైట్ల "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని గాని "సెపరేట్ టికెట్స్" అని గాని కనపడితే ఇదే ఆట. ఒక్కసారే పైసలు కట్టినా, సైటు ఒక్క నంబరే ఇచ్చినా, లోపల రెండు టికెట్లే. కొందరు "కనెక్షన్ గ్యారంటీ" అని, రెండో విమానం తప్పితే మేం చూసుకుంటమని అమ్ముతరు. అది ఆ సైటు మాట, విమాన కంపెనీది కాదు. శంషాబాద్‌ల బ్యాగులు ఇయ్యంగనే ట్యాగు చేతిల పట్టుకొని చూడు, డాలస్ ఎయిర్‌పోర్టు గుర్తు డీఎఫ్‌డబ్ల్యూ అనే మూడక్షరాలు ఉండాలె. లేకపోతే కౌంటర్ కాడికెల్లి కదలకు.

ఒక్క టికెట్ల గూడ ఏ దారి అనేది ముఖ్యం. అమెరికాల మొదట ఏ ఊర్ల దిగితే ఆడనే ఇమిగ్రేషన్, ఆడనే బ్యాగులు దింపుకొని కస్టమ్స్ దాటి మళ్ల ఇయ్యాలె. న్యూయార్క్‌ల దిగి మళ్ల డాలస్ విమానం ఎక్కే టికెట్ కొంత అగ్గువ ఉండొచ్చు. మీ అమ్మకు వద్దు. దుబాయ్ మీదికెల్లి ఎమిరేట్స్, దోహా మీదికెల్లి ఖతార్ ఎయిర్‌వేస్ నేరుగ డాలస్‌ల దింపే సర్వీసులు నడిపినయి. నువ్వు చూసే తేదీకి ఉన్నయా చూడు. నడుమ ఆగుడు రెండున్నర గంటలకు తక్కువ, ఐదుకు ఎక్కువ ఉండొద్దు.

కొనేటప్పుడు కంపెనీ సొంత సైటుకు, ఏజెంట్ సైటుకు తేడా మూడు నాలుగు వేలే అయితే కంపెనీ దగ్గరనే కొను. ఏజెంట్ సైటు మొదట చూపెట్టే ధర మీద కన్వీనియెన్స్ ఫీజు, ముందే టిక్కు పెట్టి ఉన్న ఇన్సూరెన్స్, సీటు పైసలు చివర్ల పడ్తయి. రేపు తేదీ మార్చాలంటె కంపెనీ "మీ ఏజెంట్‌ను అడుగుండి" అంటది. ఇంకో లాభమున్నది: అమెరికాకు పోయే టికెట్ ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కంపెనీ దగ్గరనే కొంటే, ఆ దేశం నియమం ప్రకారం 24 గంటలు ధర ఆపి ఉంచాలె, లేకపోతే 24 గంటల్ల రద్దు చేసుకుంటే పైసలన్ని వాపసియ్యాలె. రెండిట్ల ఏది ఇస్తున్నరో చూసి కొను. వాపసు ఉన్నదైతే మంచి ధర దొరికిన రాత్రే కొని, తెల్లారి నిమ్మలంగ మళ్ల చూసుకోవచ్చు.

ధర రూపాయలల్లనే ఉండేటట్టు చూడు. డాలర్లల్ల కడితే చాన బ్యాంకులు మూడున్నర శాతం పట్టుకుంటయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్షకు 4,130 రూపాయలు ఉత్తగ పోతయి. పైసలు కట్ అయినా టికెట్ రాకపోతే ఎంటనే ఇంకోసారి కట్టకు. ఆరక్షరాల పీఎన్‌ఆర్ వచ్చినంత మాత్రాన టికెట్ అయినట్టు కాదు, 13 అంకెల టికెట్ నంబర్ రావాలె. అది ఎమిరేట్స్‌దైతే 176తోని, ఖతార్‌దైతే 157తోని, ఎయిర్ ఇండియాదైతే 098తోని మొదలైతది. ఆ నంబర్ లేకుంటే సీటు ఎప్పుడన్న జారిపోవచ్చు.

పేరు పాస్‌పోర్టుల ఎట్లుంటే అట్లనే, ఇంటిపేరు గడిల ఇంటిపేరు. ఆధార్‌ల పేరు చూసి కొట్టకు. తేదీ గూడ జర పైలం: గల్ఫ్ విమానాలు చానమట్టుకు నడిరాత్రి, తెల్లారుజామున లేస్తయి. 15వ తారీకు తెల్లారి మూడున్నరకు అంటె 14 రాత్రే ఇల్లు కదలాలె. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదికెల్లి పెద్దఅంబర్‌పేట కాడ రింగ్ రోడ్డు ఎక్కుండి. విమానానికి నాలుగు గంటల ముందు శంషాబాద్‌ల ఉండాలె.

టికెట్ కాంగనే వీల్‌చైర్ అడిగి పెట్టు, మామూలుగ పైసలు తీసుకోరు. నడిచేటామెకు ఎందుకని సిగ్గుపడకు, మీ అమ్మనూ పడనియ్యకు. నడుమ ఊర్ల ఒక గేటు కాడికెల్లి ఇంకో గేటు కాడికి చెయ్యి పట్టి తీస్కపోయే మనిషి దొరుకుతడు. తిండి కాడ "హిందూ మీల్" అని కొట్టకు, అండ్ల మాంసం ఉండొచ్చు. నీసు ముట్టదు గనుక "ఏషియన్ వెజిటేరియన్" అని ఉన్నది, దాని గుర్తు ఏవీఎంఎల్, అది పెట్టు. పచ్చడి చేతి బ్యాగుల వద్దు.

ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతోని తెలుగుల రాయి: ఏ ఊర్ల దిగాలె, ఎన్ని గంటలు ఆగాలె, అక్క నంబర్, బావ నంబర్, ఇంటి అడ్రస్. దాని కిందనే ఇంగ్లిష్‌ల గూడ. రెండు కాపీలు తీసి ఒకటి పర్సుల, ఒకటి పాస్‌పోర్టుల పెట్టు. మీ అమ్మ చిన్నప్పుడు జాతరకు పోతే మా అమ్మ కొంగుకు మా ఊరి పేరు రాసిన చీటి ముడేసి పంపుతుండె. తప్పిపోలేదు ఎన్నడు.

పైసలు కట్టేముందు ఆఖరు పేజీ ఫొటో తీసి నాకు పంపు, రాత్రి రెండైనా సరే. పోయేనాడు నార్కట్‌పల్లి చౌరస్తాల నిలబడి ఉంట, కారుల నాకు ఒక సీటు ఉంచు. ఆ ట్యాగు నేను గూడ చూడాలె.

మీ మేనమామ