ఫ్లోరోసిస్‌లో మెడ, నడుము ఎందుకు బిగుసుకుపోతాయి?

ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగినప్పుడు, కీళ్ల దగ్గర ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లలో కాల్షియం పేరుకొని అవి ఎముకలా గట్టిపడడం వల్లనే మెడ, నడుము బిగుసుకుపోతాయి. కండరం ఎముకను లాగగలదే గాని నెట్టలేదు. ఆ లాగుడు కదలికగా మారాలంటే కీలు స్వేచ్ఛగా మెదలాలి. లిగమెంట్లు గట్టిపడితే కీలు అలా మెదలదు, కండరం ఎంత లాగినా మెడ తిరగదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో వ్యాధి ముదిరినవారు, పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూడవలసి రావడానికి కారణం ఇదే. నీటిని కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందన్నది చాలామందిలో ఉన్న అపోహ, నిజానికి ప్రమాదకరమైన అపోహ: మరిగేకొద్దీ నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే మిగిలి మరింత చిక్కబడుతుంది.