ల్యాండింగ్‌కి ముందు విమానం రెక్క వెనక భాగం ఎందుకు కిందికి దిగుతుంది?

మిగతావన్నీ అలాగే ఉండి వేగం సగానికి తగ్గితే, రెక్కకి దొరికే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం, నాలుగో వంతుకి పడిపోతుంది. రన్‌వే మీద దిగాలంటేనేమో వేగం తగ్గించక తప్పదు. అందుకే రెక్క ఆకారాన్నే మార్చేస్తారు.

వెనకంచున ఉండే ఫ్లాప్స్ అనే కదిలే పలకలు మొదట వెనక్కి జరిగి, ఆపైన కిందికి వంగుతాయి. రెక్క వైశాల్యం, వంపు రెండూ పెరుగుతాయి కాబట్టి తక్కువ వేగంలోనూ లిఫ్ట్ సరిపోతుంది. డ్రాగ్, అంటే విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం, కూడా పెరుగుతుంది, దిగేటప్పుడు అదీ మంచిదే.

ముందంచున ఉండే స్లాట్స్ అనే పలకల పని వేరు. ఇవి ముందుకీ కిందికీ జరిగితే రెక్కకీ వాటికీ మధ్యలో సన్నని సందు ఏర్పడుతుంది. విమానం ముక్కు బాగా పైకెత్తినా రెక్క మీది గాలి ప్రవాహం చెదిరిపోకుండా, అంటే స్టాల్ అవకుండా, ఈ ఏర్పాటు కాపాడుతుంది.

ఎయిర్‌బస్ ఏ320లో ఫ్లాప్స్‌నీ స్లాట్స్‌నీ కదిపే పైలట్ లివర్‌కి 0, 1, 2, 3, ఫుల్ అనే స్థానాలుంటాయి. టేకాఫ్‌కి ఫుల్ వాడరు, అంత డ్రాగ్‌తో పైకెక్కడం కష్టం. కిటికీ సీట్లో వినిపించే ఆ 'గుయ్‌'మనే శబ్దానికి టెన్షన్ పడక్కర్లేదు, వాటిని కదిపే హైడ్రాలిక్ మోటార్లదే. ఎడమ, కుడి రెక్కల్లో కదలిక సమానంగా లేదని తేలితే వాటికుండే బ్రేకులు పడి అవి ఉన్నచోటే ఆగిపోతాయి. ఒకపక్కే లిఫ్ట్ పెరిగితే విమానం పక్కకి ఒరిగిపోతుంది మరి.